ఖాళీ కొక్కెం

పొట్టోడు డ్రెస్సింగ్ రూంలోకి వస్తూనే గోడకేసి చూశాడు.

తన కొక్కేనికి జెర్సీ వేలాడుతూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

ఆ బాస్కెట్‌బాల్ జట్టులో ఎవరినీ నోరు తెరిచి వెళ్ళిపొమ్మనరు. పొద్దున్నే వచ్చేసరికి కొక్కెం ఖాళీగా కనిపిస్తే సంచి సర్దుకోవడమే.

జెర్సీ తీసేది కోచ్. తీయించేది మాత్రం అన్న. అన్నంటే జట్టులో స్టార్. ఆయన ఆడకపోతే స్టేడియానికి ఈగ కూడా రాదు కాబట్టి, ఆయన ఊఁ అంటే కోచ్ తలూపాల్సిందే.

ఈ వారం కొత్తాయన ఒకడు వచ్చి చేరాడు. కాస్త వయసు మీద పడ్డవాడు, రెండు మోకాళ్ళకీ పట్టీలు, మాట తక్కువ. ఆయన రావడంతో జట్టులో ఒకడు ఎక్కువయ్యాడు. ఎవరో ఒకరు పోవాలి.

అప్పట్నుంచీ పొట్టోడికి ముద్ద దిగడం లేదు. భార్యకు నెలలు నిండాయి. ఉంటున్న క్వార్టర్ జట్టువాళ్ళిచ్చిందే. కొక్కెం పోతే ఇల్లూ పోతుంది. ఇంట్లో చెప్పే ధైర్యం లేక, ఆ భయమంతా పక్క కొక్కెం కొత్తాయన దగ్గర ఓసారి కక్కేశాడు. ఆయన విని, భుజం తట్టి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ప్రాక్టీసయ్యాక అన్న పక్కకు పిలిచాడు. తన వంతు వచ్చేసిందనుకున్నాడు పొట్టోడు.

"ఆ కొత్తాయన ఎలా ఆడుతున్నాడ్రా?"

ఎవరినైనా సాగనంపే ముందు అన్న పక్క కొక్కెంవాడిని ఇలాగే అడుగుతాడని జట్టంతటికీ తెలుసు. అంటే పోయేది తను కాదన్నమాట. పొట్టోడికి ప్రాణం లేచొచ్చింది.

నిజానికి ఆయన పక్కన ఆడుతున్నాకే తన ఆట దారిలో పడింది. అది గుర్తొచ్చింది కూడా. భయం దాన్ని నోటిదాకా రానివ్వలేదు.

"మోకాళ్ళు అయిపోయాయన్నా. శుద్ధ దండగ."

అన్న అతని మొహంలోకి కాసేపు చూసి, సరేనన్నాడు.

మర్నాడు పొట్టోడు తలుపు తీశాడు. కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళి, మెల్లగా తెరిచాడు.

తన జెర్సీ ఉంది. పక్క కొక్కెం ఖాళీ.

బతికిపోయాననుకున్నాడు. అప్పుడు చూశాడు, బెంచీ మీద అన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మంచి పని చేశావన్నా" అన్నాడు పొట్టోడు, భయంభయంగానే.

"నేను తీయించింది నీదిరా. నీ మాట విన్నాకే తీయించాను. ఆయన్ని పట్టుబట్టి ఈ జట్టులోకి తెప్పించుకుంది నేనే."

పొట్టోడు వెనక్కి తిరిగి చూశాడు. తన జెర్సీ అక్కడే ఉంది.

అన్నే చెప్పుకొచ్చాడు. పొద్దున కొత్తాయన అందరికంటే ముందొచ్చాడట. ఖాళీగా ఉన్న పొట్టోడి కొక్కెం చూసి, తానే వెళ్ళిపోతానని కోచ్‌తో చెప్పాడట. తన జెర్సీ తీసేసి, పొట్టోడి జెర్సీని తన చేత్తోనే మళ్ళీ తగిలించాడట. అన్నకు కబురందేసరికి ఆయన ఎక్కిన బస్సు కదిలిపోయింది.

"నేనలా అన్నానని ఆయనకు తెలుసా అన్నా?"

"రాత్రే చెప్పాను. 'భయంతో అన్నాడులే, పాపం, ఇంట్లో భార్యకు నెలలు నిండాయి' అన్నాడాయన."

పొట్టోడు తన జెర్సీని చేత్తో పట్టుకున్నాడు. "అసలు ఆయనెవరు, అన్నా?"

అన్న ఖాళీ కొక్కెం వైపు చూస్తూ చెప్పాడు.

"నేను మొదట ఆడిన చిన్న జట్టులో, నన్ను తీసేసిన రోజు కూడా ఇలాగే తన జెర్సీ తీసి నాది తగిలించి వెళ్ళిపోయాడ్రా. అప్పుడు ఆ జట్టుకి అన్న ఆయనే."