నానమ్మ దాటని చౌకు

"అమ్మయ్య! ఐదేళ్ళ శని వదిలింది!" అని అరుస్తూ నివెస్ ఇటలీలోని బొలోన్యా ఊళ్ళో, రాళ్ళు పరిచిన పెద్ద చౌకు నడిమధ్యకి పరిగెత్తింది.

చదువు పూర్తికాకుండా ఈ చౌకుని అడ్డంగా దాటిన విద్యార్థికి ఆ జన్మలో పట్టా రాదని ఊళ్ళో నమ్మకం. పట్టా వచ్చినవాళ్ళకి పెట్టే ఆకుల కిరీటం ముందే తలకి తగిలినా అంతే. ఐదేళ్ళూ అంచులమ్మట ప్రదక్షిణాలు చేసిన పిల్ల ఇవాళ పట్టా పుచ్చుకుని, కిరీటంతో మధ్యలో గంతులేస్తోంది.

ఆ కిరీటం అల్లింది నానమ్మ డెల్మా. పెరట్లో ఆమె పెంచిన లారెల్ చెట్టుంది, దాని ఆకులు కిరీటాలకీ వంటలోకీ కూడా. తమ్ముడికి, మొగుడికి, కొడుకు ఫుల్వియోకి, ఇప్పుడు మనవరాలికి, ఇంట్లో పట్టా పుచ్చుకున్న ప్రతి తలకీ ఆమె అల్లిన కిరీటమే. వాళ్ళ ఫోటోలు హాల్లో గోడకి వరసగా ఉన్నాయి. డెల్మాది లేదు. "ఆడపిల్లకి పట్టా దేనికి, వంటింట్లో టోర్టెల్లిని పిండివంటలు చుట్టడానికా?" అని తండ్రి ఆమె పుస్తకాలు అటకెక్కించాడు. ఆ గోడ చూస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"రా అమ్మా, ఫోటో!" ఫుల్వియో పిలిచాడు. "ఈసారి గోడమీద నువ్వూ ఉండాలి."

డెల్మా చౌకు అంచున, కమాను కింద చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను రాను. మీరు తీయించుకోండి."

"మోకాళ్ళ నొప్పా?"

"నా మోకాళ్ళకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి!"

"మరేంటి? ఇదివరకు కూరల సంచీ మోసుకుంటూ మధ్యలోంచే వచ్చేదానివి. నాలుగేళ్ళుగా ఈ చాదస్తమేంటో! మంగళవారం నీ స్నేహితురాలు నార్మాతో పేకాటకి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగే వెళ్తావు."

"నా కాళ్ళు, నా ఇష్టం."

నివెస్ పరుగున వెనక్కి వచ్చింది. "నువ్వు లేకపోతే నాకూ ఫోటో వద్దు నానమ్మా. అసలిది నీదే" అంటూ తన కిరీటం తీసి ఆమె తలమీద పెట్టబోయింది.

"నాకు తగలనీకు!" డెల్మా ఆమె చెయ్యి తోసేసింది. కిరీటం రాళ్ళమీద పడింది. నివెస్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పండగపూట ఏంటమ్మా ఈ రభస?" ఫుల్వియోకి కోపం వచ్చింది. "మీ నాన్నమీద కసి దీనిమీద తీర్చుకుంటావా? మర్యాదగా చోటిస్తుంటే..."

"నువ్వు నాకు చోటిస్తావురా?" డెల్మా కస్సుమంది. "మీ తాత పొమ్మన్నాడు, నువ్వు రమ్మంటున్నావు. మీ దయాదాక్షిణ్యాలు ఎవడికి కావాలి? ఆ గోడ నేనే ఎక్కుతా!"

"డెబ్బై నాలుగేళ్ళకి గోడెక్కుతుందిట!" ఫుల్వియో వెటకరించాడు.

డెల్మా వంగి కిరీటం తీసి, దుమ్ము దులిపి, మనవరాలి తలమీద సర్దింది.

"ఏడవకే పిచ్చిదానా. కోపం నీ మీద కాదు."

నివెస్ ముక్కు తుడుచుకుంది. "పొద్దున చెట్టు బోసిపోయేట్టు కొమ్మలు కోశావు. నాకు ఒక్కటే అల్లావు. మిగిలినవి నీళ్ళ బకెట్లో ఎందుకు పెట్టావు? అన్నీ వంటలోకేనా?"

డెల్మా చౌకు మధ్యకి ఆశగా చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"గోడకి ఇంకో మేకు కొట్టి ఉంచరా ఫుల్వియో."

"ఎవరికి?"

"గురువారం నా పట్టా."