మైకులో పిలుపు

"బుజ్జి తప్పిపోయిందా? ఎవరమ్మా, మనవరాలా?" మైకుకి చెయ్యి అడ్డం పెట్టి అడిగాడు అనౌన్సరు.

"కాదు నాయనా, మా చెల్లెలు."

అతను ఆ పెద్దావిడని ఎగాదిగా చూశాడు. అక్క తల ముగ్గుబుట్టలా ఉంది. ఇక ఆ బుజ్జి ఏపాటి బుజ్జో!

నదీ ఉత్సవం మొదలైన దగ్గర్నుంచి అతను అరుస్తూనే ఉన్నాడు. "నది మనది, నీళ్ళలో చెత్త వేయకండి" అని చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. విన్నవాడు లేడు. అతని కళ్ళ ముందే ఖాళీ సీసాలు తేలుతూ పోతున్నాయి. తాతల నాటి పడవల ప్రదర్శన దగ్గర ఈగలు తోలుకుంటున్నారు. కాళ్ళు పీకేస్తున్నాయి. ఇప్పుడు ఈవిడొకతె.

"ఏ రంగు బట్టలు కట్టుకుంది?"

"తెలీదు."

"పోనీ, ఎలా ఉంటుంది?"

"నా పోలికే. మొండిది. జడ మాత్రం నాకంటే పొడుగు."

ఈ వయసులో జడ! నిట్టూర్చి మైకందుకున్నాడు. "బుజ్జిగారూ, మీరెక్కడున్నా స్టేజీ దగ్గరికి రావాలి. మీ అక్కగారు ఎదురుచూస్తున్నారు."

ఎవరూ రాలేదు.

"ఆ గొట్టం కాస్త నీళ్ళవైపు తిప్పి పిలుద్దూ," అంది పెద్దావిడ.

అతను గబుక్కున నదివైపు చూశాడు. "నీళ్ళలోకి గానీ దిగిందా?"

"శుభం పలుకు నాయనా!"

గొట్టం తిప్పి మళ్ళీ పిలిచాడు. మళ్ళీ మళ్ళీ పిలిచాడు. ఉత్సవ కార్యదర్శి రుసరుసలాడుతూ వచ్చాడు.

"ముఖ్య అతిథిగారు ప్రసంగానికి లేచారు. ఆపవయ్యా నీ బుజ్జి గోల!"

పొద్దున్నుంచీ ప్రతిదానికీ తలూపిన అనౌన్సరుకి ఎక్కడలేని కోపమొచ్చింది. "మనిషి తప్పిపోయిందండీ. ప్రసంగం ఎక్కడికీ పోదు."

ఇంకోసారి పిలవబోతే గొంతు పెగల్లేదు. కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడే రేవులో ఒక పడవ ఆగింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఒక ముసలావిడ రొప్పుతూ పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఎవరు బాబూ, నన్ను బుజ్జీ అని పిలిచింది?"

పెద్దావిడ లేచి నిలబడింది.

"చిక్కిపోయావే," అంది అక్క.

"నువ్వు మాత్రం?" అంటూనే చెల్లెలు బావురుమంది. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు.

"ఇంతసేపూ ఎక్కడున్నారమ్మా?" పీలగొంతుతో అడిగాడు అనౌన్సరు.

"ఎక్కడుంటాను బాబూ! అవతలి ఒడ్డున, మా ఇంట్లో. వంట చేసుకుంటుంటే నీ పిలుపు వినబడింది."

అతను తెల్లబోయాడు. "ఇంట్లో ఉన్న మనిషి తప్పిపోయిందంటావా పెద్దమ్మా? నా గొంతు పోయింది! పడవెక్కి నువ్వే వెళ్తే సరిపోయేదిగా?"

పెద్దావిడ చెల్లెలి చెయ్యి వదలకుండానే ఇటు తిరిగింది.

"దాని గడప తొక్కనని పాతికేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాను నాయనా. మైకులో పిలవనని పెట్టుకోలేదు."