చమ్కీల సీసా

మా ఒకటో తరగతిలో ఎవరికి కోపమొచ్చినా, చమ్కీల సీసా ఒకసారి ఊపి బల్ల మీద పెట్టాలి. నీళ్లలో చమ్కీలన్నీ అడుక్కి దిగేదాకా నోరెత్తకూడదు. టీచర్‌గా నేను పెట్టిన నియమమే.

హెడ్‌మిస్ట్రెస్ విసవిసా వచ్చి సీసా లాక్కుంది. "పాఠాలు గాలికొదిలేసి బొమ్మలాటలా? ఇది రేపట్నుంచి నా బడిలో కనపడకూడదు!"

నాకు ఒళ్లు మండిపోయింది. "బెత్తం పట్టుకుంటేనే పాఠమా?" అంటూ సీసా ఇటు గుంజాను. ఆవిడ అటు గుంజింది.

పొద్దున పక్కవాణ్ణి కొరికిన పిడుగుపిల్ల లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"టీచర్, ముందు పెద్ద మేడమ్‌కి ఇవ్వండి. పాపం, ఆవిడకే ఎక్కువ కోపమొచ్చింది. తర్వాత మీ వంతు."

హెడ్‌మిస్ట్రెస్ చప్పున చెయ్యి వదిలేసింది.

చమ్కీలు మాత్రం దిగలేదు. సీసా ఇంకా ఊగుతూనే ఉంది, నా చేతిలో.