మూత లోపలి గీతలు

కొట్టు తెరిచిన రోజు అతని చేతిలో ఉన్న సరుకల్లా ఒక్క గోడ గడియారం. అదీ ఆగిపోయినది.

"పాత సామాన్ల కొట్టుకి చచ్చిన గడియారంతో బోణీయా బావా?" అని బావమరిది నవ్వాడు.

భార్య దాన్ని గుడ్డలో చుట్టుకుని వెళ్లి, నడిపించి తెచ్చింది.

"ఎవరో మెకానిక్కండీ. చిల్లిగవ్వ తీసుకోలేదు. కొత్త కొట్టు కదమ్మా, మొదటి గడియారం ఆగకూడదు అన్నాడు."

ఒకసారి వెళ్లి కలవాలనుకున్నాడు. బేరాల్లో పడి పదిహేడేళ్లు గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఓ పెద్దాయన గడప తడుముకుంటూ లోపలికొచ్చి, బల్ల మీద జేబు గడియారం పెట్టాడు.

"వెండిది బాబూ. కొంటారా?"

"ఎంత?"

"నలభై వేలు. రెండు కళ్లకీ పొరలొచ్చాయి. ఆస్పత్రిలో కంటికి ఇరవై అడిగారు."

పాత సామాన్లకంటే పాత కథలే ఎక్కువ వస్తాయి ఆ కొట్టుకి. వర్తకుడు గడియారాన్ని చెవికి ఆనించాడు. బాగానే నడుస్తోంది. వెనక మూత తీశాడు.

లోపల సన్నటి గీతలు. ఇరవైకి పైనే.

గడియారం విప్పిన మెకానిక్ మూత లోపల సూదిమొనతో తన గుర్తు గీసుకుంటాడు. ఎన్ని గుర్తులో అన్ని రోగాలు. అది వర్తకుడి లెక్క.

"మనిషైతే ఎప్పుడో పోయేవాడు పెద్దాయనా. ఇన్నిసార్లు మంచాన పడ్డదాన్నా నాకు అంటగడుతున్నారు?"

"అవి జబ్బులు కావు బాబూ, అవి..."

"కళ్లు మూసుకుని కూర్చోలేదు లెండి నేనిక్కడ."

పెద్దాయన తల గోడవైపు తిప్పి విన్నాడు.

"మీ గోడ గడియారం కుంటుతోంది."

"పదిహేడేళ్లుగా పరిగెడుతోంది అది."

"కుంటుతూ పరిగెడుతోంది. వినండి, టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమంగా లేదు. ఒక పక్కకి ఒరిగింది."

నాలుగడుగులు వేసి, పెట్టె అంచును వేలితో కాస్త జరిపాడు. చప్పుడు సమంగా పడింది.

"ఇంకా నడుస్తోందన్నమాట!" అని తనలో తాను నవ్వుకున్నాడు.

ధర పెంచడానికి ఇదో ఎత్తు అనుకున్నాడు వర్తకుడు.

"ఇరవై ఇస్తాను."

"ముప్పై అయినా..."

"ఇరవై. ఇష్టమైతేనే."

పెద్దాయన కాసేపు గడియారాన్ని నిమిరాడు.

"సాయంత్రం బండికి మా చెల్లెలి దగ్గరికి పోతున్నా. నాలుగు కొట్లు తిరిగే చూపు లేదు. కానివ్వండి బాబూ, ఒక కన్నయినా వస్తుంది."

పొద్దు వాలాక వర్తకుడు ఆ జేబు గడియారం పట్టుకుని పక్కవీధి మెకానిక్ దగ్గరికెళ్లాడు. ఎప్పుడూ కంటికి అద్దం తగిలించుకునే ఉంటాడని ఆయన్ని అందరూ భూతద్దం మామ అంటారు.

"ఎంతకి కొన్నావురా అల్లుడూ?"

"ఇరవైకి. ఇరవైసార్లు పాడైంది కదా మామా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అద్దం పెట్టి చూశావా? అన్నీ ఒకే చేతి గుర్తు. చిన్న ఆకు, పక్కన తేదీ. ఏడాదికొకటి, తప్పకుండా. ఇవి రోగాలు కావురా, స్నానాలు. ఏటా విప్పి, శుభ్రం చేసి, నూనెచుక్క వేసుకున్నాడు. ఎంత అడిగాడేం?"

"నలభై."

"డెబ్బై పలుకుతుంది. అడిగింది ఇచ్చినా నీకు లాభమే."

వర్తకుడి నవ్వు మధ్యలోనే ఆగింది.

"చిన్న ఆకా మామా?"

"ఆకే. నువ్వే చూడు."

చూశాడు. ఆ ఆకు అతనికి తెలుసు. గోడ గడియారానికి వారం వారం కీ ఇచ్చేటప్పుడు కనబడేదే.

మామ దగ్గర అద్దం తీసుకుని వర్తకుడు కొట్టుకి పరిగెత్తాడు. గోడ గడియారం తలుపు తీసి, లోపల గీతకి అద్దం ఆనించాడు. ఆకు పక్కన తేదీ ఉంది. కొట్టు తెరిచిన వారంలోది.

ఆ పరుగు స్టేషన్ దాకా సాగింది. బండి వెళ్లి అరగంటయిందన్నారు.

తిరిగొచ్చేసరికి కొట్టులో గోడ గడియారం కుంటకుండా నడుస్తోంది.

ఆ రోజు బేరంలో అతనికి మిగిలిన లాభం, దాన్ని చిల్లిగవ్వ తీసుకోకుండా నడిపించి పంపిన మనిషి రెండో కన్ను.