కొరికిన రొట్టె

పదకొండు నెలల్లో నా విద్యార్థిని గుల్‌చెహ్రాకు నలభై మూడు నమూనా పరీక్షలు పెట్టాను. ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో దిద్దాను. చివరికి ప్రవేశపరీక్ష కోసం సమర్కంద్ బస్సు ఎక్కబోతూ ఆ పిల్ల అన్నది:

“సీటు రాకపోతే ఇంటికి తిరిగి రాను, టీచరమ్మా.”

ఒళ్ళు మండింది. “ఇన్నాళ్ళూ నీకు నేర్పింది ఇదేనా?” అని అరిచాను.

నేర్పింది అదేనని అరిచాక తెలిసింది.

మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టెను సంచిలోంచి తీశాను. “కొరుకు.”

“ప్రయాణానికి ముందు రొట్టె కొరికి వెళ్తే మిగతాది తినడానికి తిరిగొస్తారనడం మూఢనమ్మకమని మీరే తిట్టారుగా! కొరికితే మార్కులొస్తాయా?”

“ఒక్కటీ రాదు. మిగతాది మా గోడకు వేలాడదీస్తాను. తిరిగొచ్చి నువ్వే తినాలి.”

“ఫెయిలైతే?”

“ఎండిపోయుంటుంది. టీలో ముంచుకుని తిను. పాసైనా అంతే.”

గుల్‌చెహ్రా పెద్ద ముక్కే కొరికింది.