బిస్కెట్ల బాబాయి

తెర మీద హీరో రెండో అంతస్తు నుంచి దూకాడు. పడ్డాడు. లేచి పరుగెత్తాడు.

"అబ్బో! అంతా కంప్యూటర్ మాయ. మహానుభావుడు కుర్చీలోంచి కూడా లేచి ఉండడు" అని గొణుక్కుంటూ చీకట్లోనే నోట్‌బుక్‌లో గీకేసింది విలేకరి.

కొత్త సూపర్ హీరో సీరియల్ మొదటి భాగాన్ని పత్రికలవాళ్లకు ముందుగా చూపిస్తున్న రోజది. లైట్లు వెలిగిన అరగంటలో 'తొలి చూపు' శీర్షికకు ఆమె సమీక్ష అందాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పులు రాసింది. "మూడోది దొర్లిందంటే శీర్షిక నీకుండదు" అని ఎడిటర్ మొహం మీదే చెప్పేశాడు.

"ఆ ముక్క రాయకండమ్మా" అన్నాడు పక్క సీటాయన.

ఆమెకు ఒళ్లు మండింది. వెలిసిపోయిన కోటు, ఒళ్లో బిస్కెట్ల పళ్లెం. ఊరికే పెట్టే టీ కోసం దూరిన శాల్తీ అనుకుని, అప్పటికే మనసులో 'బిస్కెట్ల బాబాయి' అని పేరు పెట్టేసింది.

"నా నోట్‌బుక్‌తో మీకేం పనండీ?"

"మీరే పైకి చదువుతున్నారు తల్లీ. ఆ కుర్రాడు నిజంగానే దూకాడు. ఇప్పుడు చూడండి, కుడికాలు ఈడుస్తున్నాడు. కథలో దానికి కారణమే లేదు. కంప్యూటర్‌కి కాలు నొప్పి పుడుతుందా?"

చూసింది. నిజమే, ఈడుస్తున్నాడు.

"మీది ఏ పేపరమ్మా?"

చెప్పింది.

ఆయన చేతిలోని బిస్కెట్‌ను తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

"మంచి పేపరు. దెబ్బ తిన్నవాణ్ణి వెక్కిరించిందన్న మాట దానికి రాకూడదు."

సణుక్కుంటూనే ఆ వాక్యం కొట్టేసింది. 'ఆ దూకడం నిజం, ఆ కుర్రాడి గుండెకు జోహార్' అని రాసి, లైట్లు వెలగగానే ఆయన వైపైనా చూడకుండా పరుగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నం సీరియల్ వాళ్లు ఆ సీను తీసినప్పటి వీడియో బయటపెట్టారు. దూకింది హీరోనే. చీలమండ ఎముక చిట్లినా తర్వాతి సీను కూడా చేసేశాడు. కంప్యూటర్ మాయ అని రాసేసిన మిగతా పత్రికలన్నీ నాలుక కరుచుకున్నాయి.

"శభాష్! శీర్షిక ఇక నీదే" అన్నాడు ఎడిటర్.

ఆమెకు కళ్లు చెమర్చాయి.

"నా గొప్పేం లేదు సార్. పక్క సీట్లో పెద్దాయన చెప్పకపోతే నా పని అయిపోయేదే. థాంక్స్ చెప్పకపోగా కసురుకున్నాను. కనబడితే కాళ్లకు దండం పెడతాను."

"వెలిసిపోయిన కోటా? చివరి వరసలో మూల సీటా?"

"అవును సార్! మీకు తెలుసా?"

ఎడిటర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పొద్దున్నే వచ్చి, మన పేపరు ఇచ్చిన ప్రెస్ పాస్ తిరిగిచ్చేసి ఊరు వెళ్లిపోయారు. 'ఆ అమ్మాయి చెబితే వింటుంది, వదులుకోకండి' అని మరీ చెప్పారు."

"ఇంతకీ ఎవరు సార్ ఆయన?"

"పేరైనా వేసుకోకుండా ఇరవై ఏళ్లు 'తొలి చూపు' రాసిన మనిషమ్మా. నిన్ను పెట్టుకోవడానికి మేం తీసేసింది ఆయన్నే."