అరవై కిలోలు

“ఏంరా, రాత్రికి రాత్రి నా చక్రాలు మార్చినవా?”

నితిన్ అరిచిన అరుపుకు ట్రాక్ మీద హెల్మెట్లు పెట్టుకుంటున్న వాళ్లందరూ ఇటు తిరిగారు. నిన్నటిదాకా ‘కృష్ణన్నా’ అని పిలిచిన నోరే అది. మెకానిక్ కృష్ణ చేతిలో పానా చేతిలోనే ఉండిపోయింది.

గొడవంతా నితిన్ ఎర్ర స్పోర్ట్స్ కారు బరువు గురించి. జనగామ దాటాక ఉన్న ఆ ట్రాక్‌కు నెలకో ఆదివారం ఎవరి కార్లు వాళ్లు తెచ్చుకుంటారు. కొత్తగా బిగించిన సామాను ఏపాటిదో పరుగెత్తించి చూసుకుంటారు. పన్నెండు వందల కిలోల లోపు కార్లకు ఒక పోటీ, ఆపైన వాటికి ఇంకోటి. బరువు తగ్గించే కొత్త చక్రాలు, బానెట్ కృష్ణ బిగించాక, నిన్న సాయంత్రం కేసముద్రం దగ్గర నితిన్ వాళ్ల నాన్న రాంచందర్ రైస్‌మిల్లు కాంటా మీద తూస్తే కారు పదకొండు వందల ఎనభై ఉంది. తెల్లారి ఇక్కడ పన్నెండు వందల నలభై చూపిస్తోంది.

“అరువై కిలోలు! రాత్రంత కారు నీ షెడ్డులనే ఉన్నది. తాళంచెవి నీ దగ్గెరనే ఉన్నది. మరి గీ అరువై కిలోలు యాడికెళ్లి వచ్చినయి?”

“నాకేం ఎర్క సారూ? మీరు తెచ్చిన చక్రాలే, మీరు తెచ్చిన బానెటే. నా చేతులతోని నేనే బిగించిన.”

“తేలిక మాల్ అమ్ముకొని, అసొంటియే డూప్లికేటువి బిగించినవ్. కండ్లకు తెల్వదు గని కాంటాకు తెలుస్తది!”

కోపం నితిన్‌కు కారు కంటే ముందు స్టార్టవుతుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు కృష్ణ. అయినా ఈ మాటకు భయపడ్డాడు. మిల్లు ముందున్న అతని రేకుల షెడ్డు రాంచందర్‌దే. చుట్టుపక్కల తండాల వాళ్లు ట్రాక్టరు తెచ్చి, తాళంచెవి అతని చేతిలో పెట్టి నిశ్చింతగా పోతారు. దొంగ అన్న పేరొకటి పడితే షెడ్డూ ఉండదు, తాళంచెవి ఇచ్చేవాడూ ఉండడు.

“జర ఆలోచన చెయ్యుండ్రి సారూ. పోయిన నెల కంటె ఇయ్యాల పొద్దుగాల ట్రయల్ రౌండు మూడు సెకండ్లు తక్కువల కొట్టింది గదా కారు. బరువు తగ్గకుంటె ఎట్ల కొడ్తది?”

“అది నా డ్రైవింగురా!”

పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. నితిన్ మొహం కారు రంగుకు తిరిగింది.

కార్లు తూచేది శ్రీలత అనే అమ్మాయి. చక్రానికొకటి చొప్పున నేల మీద నాలుగు పలకలు, నాలుగింటి బరువూ కలిపి చూపే చిన్న తెర, అదే అక్కడి కాంటా. కృష్ణకు ఒక ఆలోచన తట్టింది. తప్పు ఆ పలకలదే అయి ఉండాలి.

“అమ్మా, గీ కాంటా మనిషిని గూడ తూస్తదా?”

“తూస్తది. ఎక్కన్నా.”

కారును పక్కకు తీయించి, చెప్పులు విడిచి కృష్ణ ఒక పలక మీద నిలబడ్డాడు. శ్రీలత అందరికీ వినపడేలా చదివింది. అరవై రెండు.

కృష్ణ జేబులోని చీటీ తీసి చూశాడు. మొన్న జ్వరమొచ్చి మానుకోట దవాఖానకు పోతే నర్సు రాసిచ్చిన చీటీ అది. దాని మీద కూడా అరవై రెండే ఉంది. తన గొయ్యి తనే తవ్వుకున్నట్టయింది పాపం.

నితిన్ చీటీ లాక్కుని చూశాడు. “ఇంకేం సాక్ష్యం కావాలె? కాంటా సక్కగనే ఉన్నది. సక్కగ లేంది నువ్వే.”

“అట్లయితే మిల్లుల కాంటా...” కృష్ణ నీళ్లు నమిలాడు.

“మా బాపు కాంటానా? ముప్పై ఏండ్ల సంది రైతులందరు దాని మీదనే తూసుకుంటున్నరు. ఒక్కడన్న నోరెత్తిండా? మీ నాయిన వాల్యా ఎత్తిండా?”

నిజమే, వాల్యా ఏనాడూ నోరెత్తలేదు. ఇవాళ పొద్దున కూడా వడ్ల ట్రాక్టరుతో ఆ మిల్లుకే పోయాడు.

  నితిన్ ఫోన్ తీసి నాన్నకు కలిపాడు. కృష్ణ చెవులారా వినాలని స్పీకర్ కూడా పెట్టాడు.

“బాపూ, కృష్ణగాని షెడ్డుకు తాళమెయ్యి. వాడు దొంగ. నిన్న మన కాంటా మీద పదకొండు వందల ఎనభై ఉన్న కారు ఇయ్యాల అరువై కిలోలు పెరిగింది. సామాను మార్చిండు.”

అవతల మిల్లు మోత, దాని వెనక ఏదో ట్రాక్టరు చప్పుడు.  రాంచందర్ పకపకా నవ్వాడు.

“నిన్న కారు తూసింది ఎవలురా?”

“మన గుమాస్తా ఎల్లస్వామి.”

“గదీ సంగతి! తాళం గీళం ఏమొద్దు, కృష్ణ మంచోడు. తప్పు ఎల్లస్వామిది. కారు తూసేటప్పుడు బటన్ మార్చాలె గద. బటన్ ఎప్పుడు వడ్ల మీదనే ఉంటది, కాంటా క్వింటాలుకు ఐదు కిలోలు తక్కువ సూపిస్తది.”

ట్రాక్ మీద ఒక్కరూ నవ్వలేదు. స్పీకర్ ఆపడానికి నితిన్ వేలు తెర మీద తడుముకుంటోంది.

“జరాగు బిడ్డా,” అన్నాడు రాంచందర్, “వాల్యా ట్రాక్టరు కాంటా ఎక్కుతున్నది. గది దిగినంక చెప్త, ఆ ఎల్లస్వామిగాని సంగతి.”